పాత కంప్యూటర్‌లో వీడియో ఎడిటింగ్ వేగం పెంచుకోవడం ఎలా?

కార్తీకంలో కురుమూర్తి జాతర కాగానే, స్వామి పాదుకలను ఊరేగించే ఉద్దాల ఉత్సవాన్ని ఫోన్లలో చిత్రీకరించుకొని వచ్చిన యువకులు మహబూబ్‌నగర్‌లోని మా చిన్న స్టూడియోలో ఏటా అడిగే ప్రశ్న ఒక్కటే: “అన్నా, టైమ్‌లైన్ కదుల్తలేదు, కొత్త సిస్టం కొనాల్నా?” పదేళ్లు దాటిన కంప్యూటర్‌తో ఇప్పటికీ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను కనుక చెబుతున్నాను, చాలాసార్లు కొనవలసిన అవసరం ఉండదు. ఆలస్యం ఎక్కడ జరుగుతున్నదో తేల్చుకోకుండా డబ్బు మాత్రం ఖర్చు పెట్టకూడదు. నేను మొదట ఎనిమిది జీబీల ర్యామ్ కొని వేశాను. వీడియో ఆగడం ఏమాత్రం తగ్గలేదు, ఎందుకంటే లోపం అక్కడ లేదు.

తేల్చుకునే పద్ధతి సులువైనది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కి, ఏ భాగం ఎంత పని చేస్తున్నదో చూపే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి, ఆగిపోతున్న క్లిప్పును ఒక నిమిషం పాటు నడిపించండి. సీపీయూ (ప్రాసెసర్) వంద శాతానికి చేరి అక్కడే నిలబడితే భారమంతా కుదించి ఉన్న వీడియోను విప్పడంలో ఉన్నట్టు. మెమరీ నిండిపోయి, దానితోపాటు డిస్కు కూడా వంద శాతం చూపితే ర్యామ్ చాలడం లేదు. డిస్కు ఒక్కటే నిండుగా కనిపిస్తే హార్డ్ డిస్క్ అందించలేకపోతున్నదని అర్థం.

మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం మొదటి రకానివే. వీడియోను కుదించడానికి ఫోన్లు, కెమెరాలు వాడే హెచ్.264, హెచ్.265 పద్ధతులలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను ఉంచి, మధ్యలోని ఫ్రేములకు మారిన భాగాన్ని మాత్రమే నమోదు చేస్తాయి. అందువల్ల మీరు కర్సర్‌ను వెనక్కి జరిపిన ప్రతిసారీ ప్రాసెసర్ అంతకు ముందున్న పూర్తి బొమ్మ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. హెచ్.265 ప్రమాణం వెలువడిందే 2013లో. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్లలో దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన భాగం లేదు. ఎనిమిది బిట్ల వీడియోకు ఆరో తరంలో, పది బిట్ల వీడియోకు ఏడో తరంలో అది వచ్చింది.

దీనికి సరైన మందు ప్రాక్సీ. అసలు ఫైలుకు తేలికైన నకలు తయారు చేసుకొని, కోతలన్నీ దాని మీద చేసి, ఎక్స్‌పోర్ట్ (తుది వీడియో తయారీ) సమయంలో అసలు ఫైలును వాడుకోవడమే ఇందులోని పద్ధతి. 4కే బొమ్మలో సుమారు 83 లక్షల పిక్సెళ్లు ఉంటే 720పీ బొమ్మలో తొమ్మిది లక్షల పైచిలుకు మాత్రమే ఉంటాయి, అంటే తొమ్మిదో వంతు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లైన ప్రీమియర్ ప్రో, డావిన్చీ రిజాల్వ్‌లలోనూ, ఉచితంగా దొరికే షాట్‌కట్, కెడెన్‌లైవ్‌లలోనూ ఈ సదుపాయం ఉన్నది. ప్రీమియర్‌లో అయితే క్లిప్పులన్నీ ఎంచుకొని, కుడి క్లిక్ చేసి, ప్రాక్సీ అన్న చోట క్రియేట్ ప్రాక్సీస్ నొక్కాలి. ఫార్మాట్‌గా ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్బీ గానీ తీసుకోండి. వాటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మే కనుక వెనక్కీ ముందుకీ జరపడం తేలికవుతుంది. పాత యంత్రంలో ఈ నకళ్ల తయారీకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రి పెట్టి పడుకోవడం మేలు. మధ్యలో కరెంటు పోతే అప్పుడు తయారవుతున్న నకలు మళ్లీ మొదటికి వస్తుంది, యూపీఎస్ బ్యాటరీని ముందే చూసుకోండి.

ఫోన్ వీడియోలలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. డప్పు చప్పుడు ఒక చోట, దెబ్బ ఒక చోట పడుతుంటే కారణం చాలావరకు ఇదే. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ (నిలకడైన వేగం) ఎంచుకొని మార్చిన తర్వాతే ఎడిటింగ్ మొదలుపెట్టాలి.

ప్రివ్యూ నాణ్యతను సగానికో పావు వంతుకో తగ్గించుకోండి, ఎక్స్‌పోర్ట్ నాణ్యత దీనివల్ల తగ్గదు. రంగుల దిద్దుబాటు, నాయిస్ తగ్గించడం వంటివి కోతలన్నీ పూర్తయ్యాకే చేయాలి.

ఆలస్యం డిస్కు దగ్గరే అని తేలి, డబ్బు పెట్టగలిగితే ముందుగా ఎస్‌ఎస్‌డీకి (కదిలే భాగాలు లేని వేగమైన డిస్కుకు) పెట్టండి. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు వంద ఎంబీలు అందిస్తే సాటా రకం ఎస్‌ఎస్‌డీ ఐదు వందల దాకా అందిస్తుంది. ప్రాక్సీలను, క్యాషేను (సాఫ్ట్‌వేర్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లను) దాని మీదే ఉంచాలి.

ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే మన ప్రాంతంలో వేడిని తేలికగా తీసుకోరాదు, ఎందుకంటే వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మా సిస్టం మూత విప్పినప్పుడు ఫ్యాను కింద అల్యూమినియం రేకుల మధ్య బూడిద రంగు దుమ్ము దూదిపొరలా అతుక్కొని ఉన్నది. చిన్న పొరను పట్టి లాగితే చాపలా ఒక్కటిగా ఊడివచ్చింది. ప్లగ్గు తీసేసి, ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకొని, బ్లోయర్‌తో ఊదండి. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులు కట్టిన థర్మల్ పేస్టును (వేడిని ఆ రేకులకు చేరవేసే పూతను) తుడిచి, కందిగింజంత కొత్త పేస్టు పెట్టండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటి: ప్రాక్సీలు తయారయ్యాయి కదా అని అసలు ఫైళ్లను తొలగించవద్దు, వాటి ఫోల్డర్ పేరు మార్చవద్దు, ప్రీమియర్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కే ముందు యూజ్ ప్రాక్సీస్ అన్న గడిలో టిక్కు లేదని ఒకసారి చూసుకోండి.