కుందేళ్ల రికార్డు సాఫ్ట్‌వేర్ రాసే ముందు

కోడ్ జోలికి వెళ్లకుండా ముందు ఒక నెల నోట్‌బుక్‌లో రాసి చూడండి. ఏ గడి అవసరమో అప్పుడే తెలుస్తుంది.

• గుర్తింపు చెవి నంబరుతోనే. పేర్లు వద్దు, మా షెడ్డులో ముగ్గురు ‘చిన్ని’లు ఉండేవాళ్లు!

• జత కట్టించిన తేదీ కొడితే మిగతావి సాఫ్ట్‌వేరే లెక్కకట్టాలి: 12వ రోజు చూలు నిలిచిందో లేదో పొట్ట తడిమి చూడటం, 28వ రోజు గూడు పెట్టె, 31వ రోజు దగ్గర ఈనడం. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది కాబట్టి అసలు ఈనిన తేదీకి వేరే గడి తప్పదు.

• తోబుట్టువులను జత కట్టించబోతే హెచ్చరిక రావాలి.

• పుట్టినవి, బతికినవి, పాలు మాన్పినవి విడివిడిగా.

• షెడ్డు ఉష్ణోగ్రత కూడా రాయండి. హైదరాబాద్ మే ఎండలకు మగ కుందేలు కొన్ని వారాలు సంతానానికి పనికిరాకపోవచ్చు. రికార్డు లేకపోతే తప్పు ఆడదాని మీదకే పోతుంది.

• బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో.