దిగబడ్డ ట్రాక్టర్ వెనక్కి లేవకుండా

కరిగెట (నాటుకు నీళ్లు పెట్టిన వరి మడి) దున్నేటప్పుడు కేజీవీల్స్ (బురదలో వాడే ఇనుప చక్రాలు) దిగబడితే చాలామంది చేసే పని ఒకటే: మొదటి గేరు వేసి, రేజ్ నిండా ఇచ్చి, క్లచ్ టక్కున వదలడం. ప్రాణాలు పోయేది అక్కడే. బురద పట్టేసి చక్రాలు తిరగకపోతే ఇంజిన్ బలం వెనక ఇరుసు చుట్టూ బండినే తిప్పుతుంది. ముందు చక్రాలు లేచిన ఒకటిన్నర సెకనులో ట్రాక్టర్ డ్రైవర్ మీద పడుతుంది. అందులో సగం గడిచాక క్లచ్ తొక్కినా ఆగదు. దూకుదాం అనుకునేలోపే అయిపోతుంది.

అందుకే ఇరుసు మునగకముందే ఆపాలి. పనిముట్టు ఊడదీసి, చక్రాల వెనక బురద పారతో తీసి, తక్కువ రేజ్‌లో రివర్స్ గేరు వేసి క్లచ్ మెల్లగా వదలాలి. చక్రాలకు అడ్డంగా దుంగ కట్టే అలవాటు మానాలి. దుంగ బురదలో తన్నుకుని చక్రం ఆగితే బండి లేస్తుంది.

రెండో ట్రాక్టర్‌తో లాగాల్సి వస్తే గొలుసును దాని డ్రాబార్‌కే, అంటే వెనక ఇరుసు కన్నా కిందుండే లాగుడు కడ్డీకే కట్టాలి. టాప్ లింక్ (పనిముట్టును పైన పట్టే కడ్డీ) దగ్గరో, ఇరుసుకో కడితే లాగే బండే వెనక్కి తిరగబడుతుంది. నైలాన్ తాడు వద్దు, సాగి తెగితే కొరడాలా కొడుతుంది. గొలుసు పొడవు కన్నా దగ్గరలో ఎవరూ నిలబడకూడదు.

సాగర్ ఎడమ కాలువ గట్ల మీద, పాలమూరు చెల్కల ఒడ్ల మీద భయం వేరు: పక్కకు పడడం. కాలువ ఎంత లోతో అంచుకు కనీసం అంత దూరంలో నడపాలి. నిటారు ఒడ్డు ఎక్కాలంటే రివర్స్‌లో ఎక్కాలి. రోడ్డెక్కేముందు రెండు బ్రేకు పెడళ్లను కలిపే గొళ్లెం వేయాలి, లేకపోతే ఒక్క చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది. మడ్‌గార్డు మీద మనిషిని ఎక్కించుకోవద్దు. సీటు వెనక రక్షణ కమాను ఉంటే బెల్టు తప్పనిసరి, లేని బండికి బెల్టు కట్టుకోకూడదు.

తిరగబడితే ముందు ఇంజిన్ ఆపి, ఇరుక్కున్నవారి ముఖం బురదలోంచి పైకి ఎత్తి పట్టాలి. మడి నీళ్లు జానెడున్నా మునిగి చనిపోతారు. తాళ్లతో లాగితే బండి మళ్లీ దొర్లుతుంది. జేసీబీతో ఎత్తుతూ, ఎత్తినంత మేర కింద దుంగలు పేర్చుకుంటూ పోవాలి. 108కు ఫోన్ చేసినప్పుడు కాలో నడుమో ఎంతసేపటి నుంచి నలిగి ఉందో చెప్పాలి. చాలాసేపు నలిగిన కండరం మీది బరువు ఒక్కసారిగా తీస్తే దాని విషం రక్తంలో కలిసి గుండె ఆగవచ్చు.