వైద్య పరిశోధన చదవడం నేర్చుకుందాం – 6: పసిపిల్లల తలలో నీరు, రెండు ఆపరేషన్లు, ఒక తప్పు జవాబు

పసిపిల్లల తలలో చేరిన నీటికి చేసే రెండు ఆపరేషన్లు, షంట్, ఈటీవీ-సీపీసీలను పోల్చిన ఒక ట్రయల్ ఏం చెబుతోందని పోయిన పాఠం చివర అడిగాను, వచ్చిన జవాబుల్లో చాలా వరకు ఒకే చోట తడబడ్డాయి. ఉగాండాలోని ఎంబాలేలో జరిగి, 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ట్రయల్ చదివి "షంట్ వేసినా, ఈటీవీ-సీపీసీ చేసినా ఒకటే" అని రాసేశారు. ఆ పేపర్ ఎక్కడా అలా అనలేదు.

ఆపరేషన్ల వివరాలు మళ్ళీ రాయను. షంట్ అంటే మెదడులో చేరిన నీటిని చర్మం కింద గొట్టం వేసి పొట్టలోకి దించడం. ఈటీవీ అంటే ఎండోస్కోప్‌తో మూడో వెంట్రికల్ (మెదడులో నీరుండే గదుల్లో ఒకటి) అడుగున రంధ్రం చేయడం, సీపీసీ అంటే ఆ నీరు ఊరే కోరాయిడ్ ప్లెక్సస్‌ను కాల్చడం. ఇంత గుర్తుంటే చాలు.

ఇన్ఫెక్షన్ తర్వాత తలలో నీరు చేరిన, ఆరు నెలల లోపు పిల్లలు 100 మంది. 51 మందికి ఈటీవీ-సీపీసీ, 49 మందికి షంట్. ఏడాదిలో ఫెయిలైన ఆపరేషన్లు వరసగా 35 శాతం, 24 శాతం. పీ విలువ (నిజంగా తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా కనబడే అవకాశం; మామూలుగా 0.05 లోపుంటేనే లెక్కలోకి తీసుకుంటారు) 0.24. ఇక్కడే అందరూ "0.05 దాటింది కాబట్టి తేడా లేదు" అని పెన్ను మూసేస్తారు, నాకు చిరాకు తెప్పించేది ఇదే. శాతం కనబడగానే నేను దాన్ని పిల్లల సంఖ్యలోకి మార్చుకుంటాను, మీరూ అలవాటు చేసుకోండి: 51లో 18, 49లో 12. ఇప్పుడు అటు ముగ్గురు తగ్గి, ఇటు ముగ్గురు పెరిగారనుకోండి. 51లో 15, 49లో 15, అంటే 29 శాతం, 31 శాతం. వరసే తిరగబడింది! ఇంత చిన్న ట్రయల్‌లో నిజంగా తేడా ఉన్నా దొరక్కపోవచ్చు, అసలు లేకనూ పోవచ్చు. 95 శాతం హద్దులు, అంటే ఈ లెక్కలతో పొసగే అసలు తేడా ఎక్కడ్నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో, నేను చేత్తో లెక్కేస్తే, షంట్ కంటే ఈటీవీ-సీపీసీ నూటికి 7 మందిలో తక్కువగా ఫెయిలవడం దగ్గర్నుంచి 29 మందిలో ఎక్కువగా ఫెయిలవడం దాకా ఏదైనా కావచ్చని వచ్చింది. ఇంత వెడల్పున్న జవాబును పట్టుకుని బిడ్డ తల్లికి "రెండూ ఒకటేనమ్మా" అని ఎలా చెబుతారు?

ట్రయల్ అసలు కొలిచింది పిల్లల తెలివితేటల ఎదుగుదల. పసిపిల్లల ఎదుగుదలను కొలిచే బేలీ పరీక్షలో స్కోరు మధ్య విలువ షంట్‌కు 2, ఈటీవీ-సీపీసీకి 4 (మామూలు పిల్లల సగటు 10). అక్కడా ఇదే పద్ధతిలో ఆలోచించండి.

ఇంకొకటి, ఏడాది దగ్గర గీత గీస్తే షంట్‌కు కలిసొస్తుంది. ఈటీవీ ఫెయిలైతే ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే అవుతుంది, షంట్ ఎన్నేళ్ల తర్వాతైనా మూసుకుపోవచ్చు. మూసుకుపోయిన షంట్‌ను బాగుచేసే ఆసుపత్రికి వెంటనే చేరలేని కుటుంబమైతే నా మొగ్గు ఈటీవీ-సీపీసీ వైపే. మెదడు సర్జన్ బెంజమిన్ వార్ఫ్ ఎంబాలేలో ఆ పద్ధతి పట్టుకోవడానికి కారణమూ అదే.

అభ్యాసం: మూడు నెలల బిడ్డ, ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిన నీరు, ముందు షంట్ వేయలేదు. ఈటీవీ సక్సెస్ స్కోరు వేస్తే వయసుకు 10, కారణానికి 0, షంట్ లేనందుకు 10, మొత్తం 20. అంటే ఆరు నెలలకు నూటికి సుమారు 20 మందిలోనే ఈటీవీ నిలుస్తుందని అంచనా. ట్రయల్‌లో మాత్రం ఏడాదికి 65 శాతం నిలిచాయి. ఇంత తేడా ఎందుకు? ఆ స్కోరు ఏ ఆపరేషన్ కోసం తయారైందో ముందు చూసుకుని, కనీసం రెండు కారణాలు రాసి పంపండి.