టెక్సాస్‌లో కారు ఇన్సూరెన్స్ ధరలు ఎలా పోల్చి చూడాలి?

రెండు కంపెనీలు చెప్పిన ప్రీమియంలు పక్కపక్కన పెట్టి తక్కువది తీసుకుంటే అది పోల్చడం కాదు. రెండిట్లోనూ ఒకే కవరేజీ ఉంటేనే ఆ అంకెలకు అర్థం.

ముందు చట్టం ఏమంటోందో చూడండి. టెక్సాస్‌లో కనీస లయబిలిటీ 30/60/25. ప్రమాదం మీ తప్పువల్ల జరిగితే గాయపడ్డవాళ్లలో ఒక్కొక్కరికి 30,000 డాలర్ల దాకా, అందరికీ కలిపి 60,000 దాకా, అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 25,000 దాకా కంపెనీ కడుతుంది. మీ కారు రిపేరుకు ఇందులోంచి ఏమీ రాదు.

దయచేసి ఆ కనీసం దగ్గర ఆగిపోకండి. మీరు గుద్దిన కొత్త పికప్ ట్రక్కు విలువ 45,000 డాలర్లు, అది ఇక పనికిరాదు అనుకోండి. కంపెనీ 25,000 ఇచ్చి తప్పుకుంటుంది, మిగతా 20,000 మీ మెడకు చుట్టుకుంటుంది. 100/300/100 తీసుకుంటే ప్రీమియం ఎంత పెరుగుతుందో అడగండి. కవరేజీ పెరిగినన్ని రెట్లు ధర పెరగదు.

ఇప్పుడు మీకు కావలసినవి కాగితం మీద రాసుకోండి: లయబిలిటీ ఎంత, కొలిజన్ (గుద్దుకుంటే మీ కారు రిపేరుకు ఇచ్చేది), కాంప్రహెన్సివ్ (వడగళ్లు, వరదల్లాంటివి మీ కారును పాడుచేస్తే ఇచ్చేది) కావాలా, డిడక్టిబుల్ (క్లెయిమ్ చేసినప్పుడు ముందు మీ జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం) ఎంత. కారు లోనులో ఉంటే కొలిజన్, కాంప్రహెన్సివ్ రెండూ ఉండాలని అప్పిచ్చినవాళ్లే అడుగుతారు. లోను తీరిపోయినా కాంప్రహెన్సివ్ తీసేయడానికి తొందరపడకండి. డల్లాస్ వైపు వడగళ్లు, హ్యూస్టన్‌లో 2017 నాటి హార్వే తుఫానులాంటి వరదలు కారును పాడుచేస్తే డబ్బొచ్చేది దాన్లోంచే.

ఆ కాగితం చూసుకుంటూ కనీసం మూడు నాలుగు చోట్ల కొటేషన్ తీసుకోండి. రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖ వాళ్ల హెల్ప్‌ఇన్సూర్ సైటులో నమూనా ధరలు ముందే చూసుకోవచ్చు. జిప్ కోడ్, ఇంట్లో బండి నడిపేవాళ్ల వివరాలు, ఏడాదికి తిరిగే మైళ్లు అన్ని చోట్లా ఒకేలా చెప్పండి. ఒకరు 500 డాలర్ల డిడక్టిబుల్‌తో, ఇంకొకరు 1,000తో లెక్కకడితే రెండోది చవగ్గా కనిపించి తీరుతుంది.

కాలిఫోర్నియాలో కుదరదు గానీ, టెక్సాస్‌లో కంపెనీలు క్రెడిట్ చరిత్ర (మీరు అప్పులు ఎలా తీర్చారన్న రికార్డు) కూడా చూస్తాయి. దానికి ఎంత విలువ ఇవ్వాలనేది ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది. అమెరికాకు కొత్తగా వచ్చి ఇంకా ఆ చరిత్ర లేనివాళ్లకు కొటేషన్లలో తేడా ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఇండియాలో నడిపిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారేమో ప్రతిచోటా అడగండి.

సంతకం పెట్టేముందు రెండు పేర్లు వెతకండి: పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్), అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్. తప్పెవరిదైనా మీ వైద్యం ఖర్చు ఇచ్చేది మొదటిది. ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే ఆదుకునేది రెండోది. టెక్సాస్‌లో ఏ కంపెనీ అయినా వీటిని ఇవ్వజూపాల్సిందే, అక్కర్లేదంటే మీరు రాతపూర్వకంగా చెప్పాలి. మరీ చవకైన కొటేషన్‌లో ఆ ‘వద్దు’ అన్న గడికి టిక్కు పడి ఉందేమో చూసుకోండి.

కొత్త పాలసీ మొదలయ్యే తేదీ చేతికొచ్చాకే పాతది రద్దు చేయండి. మధ్యలో ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదు. ఇన్సూరెన్స్ లేకుండా మొదటిసారి పట్టుబడితే జరిమానా 175 నుంచి 350 డాలర్లు, పైగా తర్వాతి ప్రీమియం పెరుగుతుంది.