వేలంలో గుర్రం – ఆరో పాఠం: తండ్రి ఒక్కడైనంత మాత్రాన తమ్ముడు కాడు

ఈరోజు నేరుగా వేలం పాటలోకి దిగుదామనుకున్నాను. చెయ్యి ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు జేబులో పెట్టుకోవాలి అన్నదే అసలు ఆరో పాఠం. కానీ పోయినసారి ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని సగానికి కోసుకోక తప్పలేదు. టాటర్సాల్స్ అనే ఇంగ్లండ్ గుర్రాల వేలం సంస్థ పాత కేటలాగ్‌లోంచి ఒక పేజీ ఇచ్చి, అందులోని గుర్రం పిల్ల గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. రాసినవాళ్లలో సగానికి పైగా ఒకే గుంటలో పడ్డారు.

జనగామ నుంచి ఒకాయన: "సార్, ఈ పిల్ల ఫ్రాంకెల్‌కు తమ్ముడైతడు. ఇద్దరి తండ్రీ గలీలియోనే. ఎంతకైనా పాడొచ్చు." (ఫ్రాంకెల్ అంటే పేరుమోసిన రేసు గుర్రం, గలీలియో దాని తండ్రి.) హన్మకొండ నుంచి ఒక అమ్మాయి ఇదే మాట కాస్త అనుమానంగా రాసింది. పరకాల నుంచి ఒకతనైతే స్కేలు పెట్టి వంశవృక్షం గీసి, గలీలియో కింద పదిహేను గుర్రాలను వేలాడదీసి, అందరినీ అన్నదమ్ములని రాసి కింద సంతకం కూడా పెట్టాడు.

తప్పు సగం నాదే. సైర్ అంటే తండ్రి, డ్యామ్ అంటే తల్లి అని ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు పోయాను. నాకు తెలిసిందే కదా అని మీకూ తెలుసనుకున్నాను. ఇప్పుడు కూర్చుని మొదటి నుంచి చెప్తాను, వినండి.

మన ఇళ్లల్లో ఇంటిపేరు నాన్నది, గోత్రం నాన్నది. తల్లులు వేరైనా తండ్రి ఒక్కడైతే అన్నదమ్ములే. ఆ అలవాటును కేటలాగ్ తెరిచేముందు చెప్పులతోపాటు గడప బయట విడవండి. గుర్రాల లెక్కలో వరస తల్లి నుంచి మొదలవుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకటే అయితే ఫుల్ బ్రదర్, ఫుల్ సిస్టర్. తల్లి ఒకటే అయి తండ్రులు వేరైతే హాఫ్ బ్రదర్, హాఫ్ సిస్టర్. తల్లి ఒకటే అయి, తండ్రులిద్దరూ తండ్రీకొడుకులో సొంత అన్నదమ్ములో అయితే ముప్పావు వరస అంటారు. మరి తండ్రి ఒక్కడే, తల్లులు వేరు అయితే? ఏ వరసా లేదు. 'ఫలానా స్టాలియన్ (పిల్లల కోసం ఉంచే మగగుర్రం) పిల్ల' అంటారు, అంతటితో సరి.

ఎందుకిలా అంటే, తల్లి పదకొండు నెలలు మోస్తుంది. ఏడాదికి ఒక్క పిల్ల, అదీ అన్నీ కుదిరితే. జన్మలో పది పన్నెండు పిల్లలను కంటే గొప్ప. అందుకే తల్లి పేరు కింద కనిపించే పిల్లలు కొద్దిమంది, ఒక్కొక్కరూ ఏం చేశారో లెక్క తేలుతుంది. థరోబ్రెడ్‌లలో, అంటే ఈ రేసు గుర్రాల జాతిలో, కృత్రిమ గర్భధారణ నిషేధం, స్టాలియన్ స్వయంగా దాటాల్సిందే. అయినా గిరాకీ ఉన్న స్టాలియన్ ఒక్క సీజన్‌లోనే వందకు పైగా ఆడగుర్రాలను దాటుతుంది. అన్ని పిల్లల్లో ఒకటి రెండు మెరుపులు రాకుండా ఎలా ఉంటాయి? ఆ మెరుపు పేరు చెప్పి మిగతా వందనూ అమ్ముతారు. గలీలియో పిల్లలంతా అన్నదమ్ములైతే వాళ్ల బంతిభోజనానికి భద్రకాళి చెరువు కట్ట చాలదు.

ఉదాహరణ కావాలా? అర్బన్ సీ అనే ఆడగుర్రం 1993లో ఫ్రాన్స్‌లో ఆర్క్ రేసు గెలిచింది. శాడ్లర్స్ వెల్స్ వల్ల దానికి పుట్టినవాడు గలీలియో, 2001లో ఎప్సమ్ డెర్బీ విజేత. కేప్ క్రాస్ వల్ల పుట్టినవాడు సీ ద స్టార్స్, 2009లో అదే డెర్బీతోపాటు ఆర్క్ కూడా గెలిచాడు. తండ్రులు వేరు, అయినా వీళ్లిద్దరూ హాఫ్ బ్రదర్స్. ఆ తల్లి కడుపు ఏం చేయగలదో రెండుసార్లు రుజువైంది. ఇప్పుడు ఇంకోటి. 2010 ఆగస్టులో న్యూమార్కెట్‌లో ఫ్రాంకెల్ తన మొదటి రేసు గెలిచినప్పుడు అర గుర్రం నిడివి తేడాతో రెండో స్థానంలో వచ్చిన గుర్రం నథానియల్. ఇద్దరి తండ్రీ గలీలియోనే. ఆరోజు ఎవరైనా 'అన్న చేతిలో తమ్ముడు ఓడాడు' అని రాశారా? రాయలేదు. ఫ్రాంకెల్ తల్లి కైండ్. నథానియల్ తల్లి ఇంకొకరు. కథ అక్కడే ఆగింది.

అలాగని ఫుల్ సిస్టర్ అని చూడగానే అప్పు చేసి పాడకండి. సెక్రటేరియట్ అనే గుర్రం 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే ఒకే ఏడాది మూడు పెద్ద రేసులు, గెలిచింది. తండ్రి బోల్డ్ రూలర్, తల్లి సంథింగ్‌రాయల్. అదే జంటకు పుట్టిన ద బ్రైడ్ అనే ఫిల్లీ (పడుచు ఆడగుర్రం) ఒక్క రేసు కూడా గెలవలేదు. అదే తల్లికి వేరే తండ్రి వల్ల పుట్టిన సర్ గేలార్డ్ మాత్రం మంచి గుర్రమే, తర్వాత పేరున్న స్టాలియన్ కూడా అయ్యాడు. వరస అనేది ఆశకు ఆధారం, హామీ కాదు.

ఇంతలా ఎందుకు సాగదీస్తున్నానంటే, ఈ గుంటలో నేనూ పడ్డాను. కొన్నేళ్ల కింద నలుగురం కలిసి ఒక ఫిల్లీలో భాగం తీసుకున్నాం. బేరం కుదిర్చిన ఏజెంటు "మలక్‌పేటలో పోయిన సీజన్ గెలిచిందే, దాని చెల్లెలు" అన్నాడు. నేను కేటలాగ్ పేజీ పైన తండ్రి పేరు చూసుకుని తల ఊపాను. కింద తల్లి పేరు చూడలేదు. ఆ తల్లికి అప్పటికే నాలుగు పిల్లలు, నాలుగూ పరుగు తెలియనివే. మా ఫిల్లీ ఏడుసార్లు పరుగెత్తింది. ఏడుసార్లూ దాని స్థానం వెనక నుంచి లెక్కపెడితేనే తొందరగా దొరికేది. ఏజెంటును అడిగితే "తండ్రి ఒక్కడే కదన్నా" అన్నాడు. అతను అబద్ధమూ చెప్పలేదు, నిజమూ చెప్పలేదు.

మిగతా సందేహాలకు గబగబా జవాబులు. తల్లి పేరు కింద వరసలో లావుగా, మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఉన్న పేరు స్టేక్స్ రేసు, అంటే పై స్థాయి రేసు, గెలిచిన గుర్రం. లావుగా ఉండి మొదటి అక్షరం మాత్రమే క్యాపిటల్ అయితే, అలాంటి రేసు గెలవలేదు కానీ ముందు స్థానాల్లో ఒకటి దక్కించుకుంది. దీన్నే బ్లాక్ టైప్ అంటారు. మన లిపిలో క్యాపిటల్ గొడవ లేదు కాబట్టి ఈ తేడా మన కంటికి ఆనదు, వేలు పెట్టుకుని చదవండి. మూడో తల్లి, అంటే అమ్మమ్మ తల్లి, దాని కింద ఎంత బ్లాక్ టైప్ ఉన్నా నేను చదవను. పేజీ పైభాగం ఖాళీగా ఉండి కింది భాగం నల్లగా ఉందంటే, ఆ ఇంట్లో వెలుగు తాతల కాలంలోనే ఆరిపోయిందని అర్థం.

నర్సంపేట నుంచి ఒక పెద్దాయన సుడి గురించి అడిగారు. ఎడ్ల అంగడిలో సుడి చూడకుండా తాడు పట్టుకోని ఇంట్లో పెరిగినవాణ్ని నేనూ. రేసు గుర్రం గుర్తింపు పత్రంలో కూడా సుళ్లను బొమ్మ మీద గీసి చూపిస్తారు బాబాయ్, కానీ అది ఆ గుర్రం అదేనని పోల్చుకోవడానికి. అదృష్టం చెప్పడానికి కాదు.

ఇక పాట.

మన దగ్గర పాట తెలియనివాళ్లు లేరు. చిట్టీ పాట పాడాం, వినాయకుడి లడ్డూ పాట చూశాం. గుర్రం పాటలో కొత్తగా నేర్చుకోవాల్సింది మూడే. మొదటిది జెండా పాట సంగతి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తికి జెండా పాట, అంటే ఆరోజు అన్నిటికంటే పై ధర, ఎంత పలికిందో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. కానీ ఆ ధర ఎంతమంది రైతుల చేతికి వచ్చిందో రైతులనే అడగండి. గుర్రాల వేలం నుంచి పేపర్లో వచ్చే ధర కూడా జెండా పాటే. దాన్ని చూసి మార్కెట్ ఇంత అనుకోవద్దు, మధ్యలో అమ్ముడైన గుర్రాల ధర చూడండి. పైగా జెండా పాట పలికిన సరుకే మేలైనదన్న నమ్మకం కూడా లేదు. 2006లో ఫ్లోరిడాలో ద గ్రీన్ మంకీ అనే రెండేళ్ల కోల్ట్ (మగ పిల్ల) ఒక ఫర్లాంగు 9.8 సెకన్లలో పరుగెత్తి చూపించి, కోటీ అరవై లక్షల డాలర్లు పలికింది. మూడు రేసులు పరుగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. 1975లో 17,500 డాలర్లకు పోయిన సియాటిల్ స్లూ 1977లో ట్రిపుల్ క్రౌన్ గెలిచింది. మోకాలు వెనక్కి వంగిందని మూడో పాఠంలో నేను మిమ్మల్ని భయపెట్టిన లోపమే ఉన్న జాన్ హెన్రీ ఏడాది పిల్లగా 1,100 డాలర్లకు పోయి, తర్వాత 65 లక్షల డాలర్లకు పైగా సంపాదించింది. (దీన్ని పట్టుకుని వంకర మోకాళ్లన్నీ కొనకండి. అలాంటి వాటిలో పేరు గుర్తున్నది ఆ ఒక్కటే.)

రెండోది, రిజర్వు ధర. అమ్మేవాడు ఒక అంకె వేలందారు చెవిలో వేసి ఉంచుతాడు. అది చేరేదాకా అమ్మేవాడి తరఫున పాట పెంచే వీలు చాలా వేలాల షరతుల్లో రాసే ఉంటుంది. అంటే మీతో పోటీ పడుతున్నది మనిషో గోడో మీకు తెలియకపోవచ్చు. అది చేరకపోతే గుర్రం ఇంటికి తిరిగి వెళ్తుంది. సండే సైలెన్స్ కూడా ఏడాది పిల్లగా అలాగే 17,000 డాలర్ల దగ్గర ఆగి వెనక్కి వెళ్లింది. 1989లో కెంటకీ డెర్బీ గెలిచింది, తర్వాత జపాన్ వెళ్లి అక్కడి గుర్రాల వంశాన్నే మార్చేసింది. అందుకే నేను వెనక్కి వెళ్లిన గుర్రాల కొట్టాల దగ్గరికి సాయంత్రం ఒకసారి వెళ్తాను. పొద్దున బిగుసుకున్న అమ్మకందారు టీ తాగే వేళకు కాస్త మెత్తబడి ఉంటాడు. నాకు దొరికిన మంచి బేరాలు రెండూ అక్కడివే.

మూడోది మీ హద్దు. నలుగురు కలిసి 12 లక్షలు పోగేశారనుకుందాం. గుర్రం ధర 12 లక్షలు అనుకున్నారో, మునిగారు. లెక్క కోసం ట్రైనర్ బిల్లు నెలకు 35 వేలు, మొదటి రేసు దాకా 14 నెలలు అనుకోండి, 4 లక్షల 90 వేలు. లారీ, డాక్టరు, బీమాకు 60 వేలు పక్కన పెట్టండి. మిగిలింది ఆరున్నర లక్షలు. అందులోంచే పన్ను కూడా కట్టాలి. కాబట్టి మీ పాట 6 లక్షల దగ్గర ఆగాలి. నేనైతే 6 లక్షల 10 వేలు రాసుకుంటాను. అందరూ గుండు అంకె దగ్గర ఆగుతారు, ఒక్క మెట్టు పైకి వెళ్తే చాలాసార్లు పని అవుతుంది. రెండో మెట్టు ఎక్కను. ఇంగ్లండ్ వేలం చూసేవాళ్లకు ఇంకో మెలిక: టాటర్సాల్స్‌లో ఇప్పటికీ గినీల్లోనే పాడతారు. గినీ అంటే పౌండు మీద అయిదు శాతం ఎక్కువ. లక్ష గినీలంటే 1,05,000 పౌండ్లు.

సుత్తి పడ్డ క్షణం నుంచి గుర్రం మీది. వేలం జరిగే రింగు దాటేలోపు కాలు జారి పడినా మీదే. అందుకే బీమావాడితో పొద్దునే మాట్లాడి పెట్టుకోవాలి. తొట్టి అంచు పళ్లతో పట్టి గాలి మింగే అలవాటు లాంటివి దాచిపెట్టి అమ్మితే తిరిగి ఇవ్వడానికి కొన్నిచోట్ల గడువు ఉంటుంది. కేటలాగ్ ముందు పేజీల్లో ఉన్న షరతులు ఎవరూ చదవరు, మీరు చదవండి.

అమ్మే వైపు గురించి రెండు మాటలే, మీలో అమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. రిజర్వును మీ ఖర్చులు కూడి పెట్టకండి, మీ ఖర్చుతో కొనేవాడికి పని లేదు. పిల్లను చూడ్డానికి వచ్చిన మనిషి ఎదుట సైసు, అంటే గుర్రాన్ని చూసుకునేవాడు, ఫోన్ చూస్తూ నిలబడకుండా చూసుకోండి. గుర్రం నడక చెడేది అక్కడే.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నా, పోయినసారి నన్ను విసిగించినందుకు. మిర్చి సీజన్‌లో తెల్లవారుజామునే ఎనుమాముల యార్డుకు వెళ్లండి. తేజ రకంలోనే ఇరవై రాశులు ఎంచుకోండి. పాట మొదలవకముందే ఒక్కో రాశికి మీ ధర నోటుబుక్కులో రాయండి. పెన్నుతో, పెన్సిల్ వద్దు. తర్వాత పలికిన ధర పక్కన రాయండి. ఏ రాశి దగ్గర మీ అంకె ఎక్కువ తప్పిందో దాని ముందు నిలబడి, ఎందుకు తప్పిందో మూడు వాక్యాలు రాసి పంపండి. రైతును అడగొద్దు, ఆయన టెన్షన్ ఆయనది. కొనేవాడినీ అడగొద్దు, చెప్పడు. అడ్తిదారు దగ్గర చాయ్ తాగుతూ కూర్చుంటే అదే తెలుస్తుంది. ఇరవైలో పన్నెండు రాశులకు మీ అంకె పలికిన ధరకు పదో వంతు అటూ ఇటూగా ఉన్నవాళ్లకే ఏడో పాఠం పంపుతాను. పరకాల తమ్ముడు మాత్రం ముందు ఆ వంశవృక్షం చింపేసి, తల్లి వైపు నుంచి మళ్లీ గీసి పంపాలి. స్కేలు అక్కర్లేదు.