పెద్ద చైన్ సా కోత సాగడం లేదా? ముందు చైన్ కొలత చూడండి

మా వర్క్‌షాపుకి పెద్ద చైన్ సా పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: “ఇంజన్‌లో పవర్ లేదు.” చాలాసార్లు ఇంజన్ బాగానే ఉంటుంది. చైన్ ఆ బార్‌కి (చైన్‌ని మోసే పొడవాటి ఇనుప పట్టీకి) సరిపడేది కాకపోవడమో, పదును పోవడమో అసలు కారణం. అందుకే కార్బురేటర్ స్క్రూ మీద చెయ్యి వేసే ముందు చైన్ చూడండి. చూసేటప్పుడు ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకి, గ్లౌజులు వేసుకోండి.

కొత్త చైన్ బార్‌కి ఎక్కడం లేదు, లేదా వదులుగా వేలాడుతోంది

షాపులో “22 ఇంచుల చైన్ ఇవ్వండి” అని అడగడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఆ ఇంచులు బార్ పొడవుకి గానీ చైన్‌కి కాదు. ఒక 20 ఇంచుల బార్‌కి 0.325 పిచ్‌లో (పిచ్ అంటే లింకుల మధ్య దూరం, ఇంచుల్లో) 76 లింకుల చైన్ పడితే, ఇంకో 20 ఇంచుల బార్‌కి 3/8 పిచ్‌లో 72 లింకులది పడుతుంది. రెండూ 20 ఇంచులే, చైన్లు మాత్రం వేరు.

చైన్‌కి కావలసినవి మూడు అంకెలు: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. బార్ వెనక భాగంలో, మిషన్‌కి బిగించే చోట ఇవి చెక్కి ఉంటాయి. కిరోసిన్ గుడ్డతో మడ్డి తుడిస్తే కనిపిస్తాయి. అరిగిపోయి ఉంటే కొలుచుకోవాలి.

పిచ్ కోసం చైన్‌ని బల్ల మీద తిన్నగా పరిచి, వరసగా మూడు రివెట్లు చూసుకోండి. మొదటి రివెట్ మధ్య నుంచి మూడో రివెట్ మధ్యకు స్కేలు పెట్టండి. ఆ దూరంలో సగమే పిచ్: 16.5 మిల్లీమీటర్లు వస్తే అది 0.325. సుమారు 19 వస్తే 3/8, 20.5 వస్తే 0.404. గేజ్ అంటే బార్ గాడిలో దూరే డ్రైవ్ లింకు మందం. పెద్ద మిషన్లలో 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు వాడతారు. ఈ తేడా కంటికి ఆనదు, వెర్నియర్‌తోనే చూడాలి. ఇక లింకుల లెక్క. సుద్దముక్కతో ఒక డ్రైవ్ లింకు మీద గీత పెట్టి, అక్కడి నుంచి పది పది చొప్పున లెక్కపెట్టండి. రెండోసారి కూడా అదే అంకె రావాలి.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 58 సీసీ, 22 ఇంచుల మిషన్లకు సాధారణంగా 0.325 పిచ్, 1.5 గేజ్, 86 లింకులు ఉంటాయి. 84 తెస్తే ఎక్కదు. 88 తెస్తే చైన్ 33 మిల్లీమీటర్లు పొడుగైనట్టే. ఎలాగో బిగించినా, కొత్త చైన్ సాగాక అడ్జస్టర్‌కి (చైన్ బిగించే స్క్రూకి) జరగడానికి చోటు మిగలదు. పాత చైన్ పారేయకుండా షాపుకి పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకోవడం అన్నిటికంటే మంచి పద్ధతి.

చైన్ ఎక్కింది, కానీ కటకటమని కొట్టుకుంటోంది

స్ప్రాకెట్ (ఇంజన్ వైపు చైన్‌ని తిప్పే పళ్ల చక్రం), బార్ ముక్కులో ఉండే చిన్న చక్రం, చైన్... ఈ మూడింటి పిచ్ ఒకటే అయి ఉండాలి. 0.325 స్ప్రాకెట్ మీద 3/8 చైన్ వేస్తే లింకులు పళ్ల మధ్య కూర్చోవు, ఎక్కి దూకుతాయి. పిచ్ సరిగ్గానే ఉన్నా చప్పుడు వస్తుంటే స్ప్రాకెట్ చూడండి. పళ్ల మీద అర మిల్లీమీటరు లోతు గాడి పడితే దాని పని అయిపోయినట్టే. రెండు చైన్లు అరిగేసరికి స్ప్రాకెట్ మార్చేయండి. అరిగినదాని మీద కొత్త చైన్ వేస్తే ఆ చైన్ కూడా త్వరగా పోతుంది.

కోత ఒక పక్కకి వంకర పోతోంది

చైన్ పన్నుని వేళ్లతో పట్టుకొని అటూ ఇటూ వంచి చూడండి. బాగా ఒరిగిపోతుంటే 1.5 గాడిలో 1.3 చైన్ వేసి ఉండాలి, లేదా బార్ గాడి అరిగి ఉండాలి. ఒరగకపోతే పదునులో తేడా వచ్చినట్టు. కుడిచేతివాటం వాళ్లు ఒక వైపు పళ్లని ఎక్కువగా రుద్దేస్తారు. అన్నిటికంటే పొట్టి పన్ను చూసుకొని, మిగతావన్నీ దానికి సమానం చేయాలి.

దుంగలోకి దిగగానే ఇంజన్ మూలిగి ఆగిపోతోంది

పొడుగు బార్ మీద మోజు వల్ల వచ్చే బాధ ఇది. బార్ పొడుగయ్యేకొద్దీ ఒకేసారి చెక్కని కొరికే పళ్లు పెరుగుతాయి, అవన్నీ లాగాల్సింది ఆ ఒక్క ఇంజనే. నా లెక్కలో 58 సీసీకి 18 లేదా 20 ఇంచులు హాయి. 22 ఇంచులు వేసి ఎండు చింత మొద్దు మీద పూర్తిగా దించితే మిషన్‌ని హింసపెట్టడమే. 70 సీసీకి 20 నుంచి 24 ఇంచులు, 3/8 చైన్ బాగుంటాయి. 0.404 చైన్ 90 సీసీ దాటిన మిషన్లకి మాత్రమే. 30 ఇంచులు దాటిన బార్‌కి పళ్లు ఎడంగా ఉండే స్కిప్ చైన్ వేస్తే ఇంజన్‌కి ఊపిరాడుతుంది, పొట్టు కూడా ఇరుక్కోదు. 30 ఇంచుల మాను ఉందని 30 ఇంచుల బార్ కొననక్కర్లేదు. కింద పడున్న దుంగని రెండు వైపుల నుంచీ కోసుకోవచ్చు.

పొట్టు పిండిలా రాలుతోంది, మిషన్ నొక్కితే గానీ దిగడం లేదు

పదునున్న చైన్ రేకుల్లాంటి పొట్టు విసురుతుంది, మిషన్ తన బరువుతోనే దిగుతుంది. మెత్తటి పిండి వస్తోందంటే పదును పోయినట్టే. 0.325కి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 3/8కి 5.2 లేదా 5.5, 0.404కి 5.5. సన్నటి ఆకురాయితో రుద్దితే పన్ను కొక్కెంలా తయారై చెక్కని లాగేస్తుంది. లావుదైతే అంచు పడదు. పన్ను పై అంచు మీద వేసి ఉన్న గీత వాలుని పట్టుకొని (సాధారణంగా 30 డిగ్రీలు), ముందుకి మాత్రమే తోయండి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని ఎత్తేయాలి. పన్ను ముందున్న చిన్న దిమ్మ పన్ను కంటే 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉండాలి. త్వరగా కొయ్యాలని దాన్ని ఇంకా తగ్గిస్తే మిషన్ ఎదురు తన్నుతుంది.

మట్టి పట్టిన మొద్దులకీ, ఎండు తుమ్మకీ, తాటికీ మూల గుండ్రంగా ఉండే సెమీ చిజిల్ చైన్ వాడండి. రోడ్డు పక్క చెట్లయితే ముందు బెరడు తడిమి చూడండి. ఫ్లెక్సీలకి కొట్టిన మేకులు లోపల ఉంటాయి.

బార్ నుంచి పొగ వస్తోంది

ఆయిల్ అందడం లేదు. ఇంజన్ నడుపుతూ బార్ ముక్కుని అట్టముక్క వైపు చూపించి రేస్ చేస్తే సన్నటి ఆయిల్ చార పడాలి. పడకపోతే బార్ గాడి, ఆయిల్ రంధ్రం శుభ్రం చేయండి. బండి నుంచి తీసిన పాత ఆయిల్ పొయ్యకండి.

చైన్ టెన్షన్ కూడా ఇక్కడే చూసుకోండి. నట్లు వదులు చేసి, బార్ ముక్కు పైకి ఎత్తి పట్టుకొని బిగించాలి. చైన్ బార్ కింద వేలాడకూడదు, చేత్తో లాగితే సులువుగా తిరగాలి. వేడి మీద బిగించిన చైన్‌ని పని అయ్యాక వదులు చేయండి, లేకపోతే చల్లారి ముడుచుకొని బార్‌ని పట్టేస్తుంది.

బార్ దుంగలో ఇరుక్కుపోతోంది

దుంగ రెండు చివర్లా ఆనుకొని మధ్యలో గాలిలో ఉంటే దాని పై భాగం నొక్కుకుపోతుంది. అలాంటప్పుడు పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కిందనుంచి కోయాలి. ఒక చివరే ఆని రెండోది గాలిలో ఉంటే ముందు కిందనుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. కోతలో కర్ర చీల లేదా ప్లాస్టిక్ చీల కొట్టండి, ఇనుపది వద్దు. ఇరుక్కుపోయాక ఇంజన్ ఆపి దుంగని లేపండి, మిషన్‌ని గుంజకండి.

మిషన్ ముఖం మీదికి ఎగిరి వస్తోంది

ఇది కనిపించిందంటే ఆ రోజుకి పని ఆపి కారణం వెతకండి. బార్ ముక్కు పై సగం దేనికైనా తగిలితే, సెకనుకు 20 మీటర్లకు పైగా వేగంతో తిరిగే చైన్ మిషన్‌ని పైకి, మనిషి మీదికి విసురుతుంది. రెప్పపాటులో జరిగిపోతుంది, తప్పుకునే సమయం ఉండదు. అందుకని ముక్కుతో కొయ్యొద్దు, ముక్కు వెనకున్న కొమ్మని కూడా చూసుకోవాలి. ఎడమచేతి బొటనవేలు ముందు హ్యాండిల్ చుట్టూ తిరిగి ఉండాలి, పైన ఆనించి ఉంచితే పట్టు జారిపోతుంది. భుజం కంటే ఎత్తులో కోయకండి. నిచ్చెన మీద నిలబడి అసలే వద్దు. రోజూ పని మొదలుపెట్టే ముందు మిషన్ రేస్ చేసి, మణికట్టుతో చైన్ బ్రేక్‌ని (ముందు హ్యాండిల్ ఎదుట ఉండే అడ్డపట్టీని) ముందుకి తోయండి. చైన్ అక్కడికక్కడే ఆగకపోతే ఆ మిషన్ పనికి తీయకండి.

లుంగీ, హవాయి చెప్పులతో పెద్ద మిషన్ పట్టినవాళ్లని చూస్తే నాకు గుండె జారిపోతుంది. చైన్ సా ప్యాంట్‌లో ఉండే దారాలు చైన్‌కి చుట్టుకొని స్ప్రాకెట్‌ని ఆపేస్తాయి, తొడ దక్కుతుంది. హెల్మెట్, కళ్లకి వల, చెవులకి మఫ్లు, బూట్లు కూడా ఉండాలి.

తుఫానుకి వేళ్లతో సహా పడిన చెట్టు

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ వీధుల నిండా ఇలాంటివే. మాను కోయగానే దాని బరువు పోయి, వేళ్ల మట్టి ముద్ద తిరిగి గోతిలోకి వాలుతుంది, మొదలు ఒక్కసారిగా నిలువుగా లేస్తుంది. వేళ్ల వెనక గోతిలో ఎవరూ లేరని, పిల్లలు అటు రాలేదని చూశాకే కోత పెట్టండి. వేళ్ల దగ్గరగా కాకుండా కొంత మాను వదిలి కోయండి, నిలబడే చోటు పక్కకి పెట్టుకోండి. కరెంటు తీగ మీద పడిన చెట్టయితే, సరఫరా ఆపారని లైన్‌మన్ చెప్పేదాకా మిషన్ స్టార్ట్ చేయకండి.