వెన్ను విరగకుండా పుస్తకాన్ని స్కాన్ చేయడం ఎలా?

పాత పుస్తకాల పీడీఎఫ్‌లు దించుకుని చదివేవారందరికీ ఇది అనుభవమే. పేజీ బయటి సగం శుభ్రంగా ఉంటుంది. కుట్టు దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు వంగిపోయి నల్లటి నీడలో కలిసిపోతాయి. మధ్యలో ఎక్కడో ఎవరిదో బొటనవేలు. రెండు వందల పేజీలకు ఉన్న ఓపిక ఆ అరంగుళం దగ్గరే ఎందుకు అయిపోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కావలసినవి పెద్దగా లేవు. ఏ4 ఫ్లాట్‌బెడ్ స్కానర్, మెత్తని బట్ట, నల్ల గుడ్డ, అట్టముక్కలు, కిలో పెసలు. పెసల సంగతి తరువాత చెబుతాను. స్కానర్ కొత్తగా కొనేవారు సీఐఎస్ సెన్సర్ రకం జోలికి పోకుండా సీసీడీ సెన్సర్ రకం తీసుకోండి. సీఐఎస్ సన్నగా, చౌకగా ఉంటుంది కానీ కాగితం గాజుకు కొద్దిగా ఎత్తున ఉన్నా మసకగా తీస్తుంది. పుస్తకంలో కుట్టు దగ్గర కాగితం ఎప్పుడూ కొద్దిగా ఎత్తునే ఉంటుంది.

స్కానర్‌ను మోచేతి ఎత్తులో ఉన్న బల్ల మీద పెట్టండి. నేల మీద పెట్టుకుని వంగి చేస్తే వందో పేజీకి మీ వెన్ను కూడా విరుగుతుంది. మూత తీసేయండి. చాలా స్కానర్లలో నిటారుగా పైకి లాగితే ఊడి వస్తుంది. దాని బదులు నల్ల గుడ్డ కప్పితే బయటి వెలుతురు పడదు, దీపం కళ్లలో కొట్టదు. గాజు తుడవడానికి నీళ్లను బట్టకు అద్దండి, గాజు మీద చల్లకండి.

సెట్టింగులు: 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని), గ్రే (నలుపు తెలుపుల మధ్య ఛాయలన్నీ వచ్చేది). అడుగున సన్న అక్షరాల్లో పాదసూచికలుంటే 400. మామూలు పుస్తకానికి 600 పెట్టేవారికి కాలం విలువ తెలియదు. డీపీఐ రెట్టింపైతే ఫైలు మోసే చుక్కలు నాలుగింతలవుతాయి. ఫైలు చిన్నదవుతుందని బ్లాక్ అండ్ వైట్‌లో మాత్రం తీయకండి. తెలుగుకు అది శత్రువు. పాత అచ్చులో సిరా పలచబడిన చోట ధ కింది గీత ఎగిరిపోయి ద అవుతుంది. ఠ కడుపులో చుక్క పోతే మిగిలేది ర. పాఠం కాస్తా పారం అయి కూర్చుంటుంది.

క్రౌన్, డెమ్మీ 1/8 సైజు పుస్తకాలు విప్పితే రెండు పేజీలూ ఏ4 గాజు మీద పడతాయి. డెమ్మీ అంచుల దాకా వస్తుంది. పుస్తకం తల ఎప్పుడూ ఒకే వైపు ఉండాలి. గాజు మూలలో అట్టముక్కలను ఎల్ ఆకారంలో అతికిస్తే ప్రతిసారీ కొలుచుకోనక్కరలేదు, దానికి ఆనిస్తే చాలు. ప్రివ్యూ ఒక్కసారే చూసి, హద్దులు గీసి, ఇక ముట్టుకోకండి. ఉచితంగా దొరికే న్యాప్స్2 అనే స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు స్కాన్ల మధ్య ఇన్ని సెకన్లు ఆగమని ముందే చెప్పవచ్చు. అప్పుడు మౌసుతో పని ఉండదు, రెండు చేతులూ పుస్తకానికే. స్కాన్ అయిన బొమ్మలు అడ్డంగా వస్తాయి, కంగారు పడకండి. చివర అన్నింటినీ ఒకేసారి తిప్పుకోవచ్చు.

ఇక నొక్కడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మా పెదనాన్న బీరువాలోని ఒక పాత నవలను బోర్లించి, నడుమ అరచేత్తో గట్టిగా నొక్కాను. టప్‌మని చప్పుడైంది. ఎత్తి చూస్తే ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు, చేతిలోకి వచ్చింది. "మిగతా పుస్తకాలు నేనే చదివి వినిపిస్తాలేరా, స్కానింగు వద్దు" అన్నారాయన.

అందుకే నొక్కడానికి ముందు పుస్తకాన్ని సాగదీయాలి. వెన్నును బల్ల మీద నిలబెట్టి, ముందు నుంచి పది కాగితాలు, వెనక నుంచి పది కాగితాలు విప్పి కుట్టు వెంట వేలితో మెల్లగా రాయండి. మళ్లీ పది, మళ్లీ పది, నడుమకు చేరేదాకా. కొత్త పుస్తకానికి బైండర్లు చేసే పనే ఇది. పది నిమిషాలు పడుతుంది. జిగురుతో అతికించిన పాత పుస్తకమైతే ఈ దశలోనే చెవి పెట్టి వినండి. చిటపటమంటే జిగురు ఎండిపోయిందని అర్థం. దాన్ని పూర్తిగా విప్పకండి, ఒక్కో పేజీని విడిగా స్కాన్ చేసుకోండి.

బోర్లించాక బలం వెన్ను మీద పడాలి, పేజీల మీద కాదు. అదీ ఒక్కచోట కాదు, వెన్ను పొడవునా. చేతికి ఇది సాధ్యం కాదు. అరచేయి నడుమ ఎక్కువ, చివర్లలో తక్కువ నొక్కుతుంది. పెసలు ఇందుకే. పుస్తకమంత పొడవున సన్నటి గుడ్డ సంచి కుట్టి, వదులుగా పెసలు నింపి, మూతి కుట్టేయండి. వెన్ను మీద పెడితే దాని వంపును బట్టి సర్దుకుంటుంది. ఇటుక పెట్టేవారిని చూశాను. ఇటుక సర్దుకోదు, పుస్తకమే సర్దుకోవాలి. గాజు పగిలితే అదొక ఖర్చు.

మొదటి బొమ్మను తెర మీద అసలు సైజులో చూడండి. కుట్టు పక్క చివరి అక్షరం చదవగలిగితే బరువు సరిపోయినట్టే, ఇంకా నొక్కకండి. అక్కడ నీడ మిగిలినా పరవాలేదు, నీడను తరువాత తుడవవచ్చు. దీపం కదులుతుండగా పుస్తకాన్ని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఆ వరుసలు అలల్లా వస్తాయి.

పక్క నుంచి పిన్నులు కొట్టిన పుస్తకాలు వేరు. అవి ఎంత నొక్కినా విచ్చుకోవు. వెనక వైపు పిన్ను కాళ్లు నిటారు చేసి మెల్లగా లాగి, కాగితాలు విడదీసి స్కాన్ చేసి, అవే కన్నాల్లో దారంతో కుట్టించండి. ఎలాగూ ఆ పిన్నులు తుప్పుపట్టి ఉంటాయి.

ఫోనుతో తీస్తే త్వరగా అయిపోతుందంటారు. అవుతుంది. వంగిన పేజీని యాప్ తన ఊహ కొద్దీ చదును చేస్తుంది, చేతి నీడను ఒక్కోసారి ఉంచేస్తుంది. రసీదులకు ఫోను చాలు.

బొమ్మలను 001 నుంచి వరుస అంకెలతో దాచండి. నేరుగా పీడీఎఫ్ చేయకండి. ఒక్క పేజీ చెడితే మొత్తం విప్పాలి. జంట పేజీలను విడగొట్టడం, వంకర సరిచేయడం స్కాన్ టైలర్ అనే సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది.

పుస్తకం బీరువాలో పెట్టేముందు లెక్క చూసుకోండి. జంటలుగా తీసిన 212 పేజీల పుస్తకానికి మొదటి పేజీ ఒంటరి, చివరిది ఒంటరి, మధ్యలో 105 జంటలు. అట్టలు కాక 107 బొమ్మలు. 106 వచ్చాయా, ఎక్కడో రెండు కాగితాలు కలిసి తిరిగాయి. పేజీ అంకెలు చూస్తూ పోతే 84, 85 తరువాత 88 కనిపిస్తుంది.